కుడివైపు గడి

ఎలమంచిలి నుంచి దువ్వాడ వెళ్ళే పొద్దుటి పాసింజరు రైల్లో ఏ పెట్టెలో ఎవరు ఏ మూల కూర్చుంటారో, కూర్చున్నవాళ్ళ కడుపులో ఏ దిగులు తిరుగుతోందో నన్నడగండి, చెప్తాను. ఉప్మా తిని ఎక్కారో చద్దన్నం తిని ఎక్కారో మొహం చూసి చెప్తాను. ఈ లైను మీద ఇంత అనుభవం ఇంకొకరికి లేదు. కాబట్టి మూడో పెట్టెలో కిటికీ పక్కన, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ బక్కపలచటి అమ్మాయి, పేరు సుధారాణి, దువ్వాడ అవతల సర్కారు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచరు, ఆ పూట మనసులో ఏమేమి అనుకుందో పొల్లుపోకుండా చెప్తానంటే మీరు నమ్మాలి మరి.

బండి కదిలింది. కదిలిందా, స్టేషనే వెనక్కి పోతోందా, ఏది పోయినా ఫరవాలేదు, మొదటి గంట కొట్టేసరికి బళ్ళో ఉంటే చాలు, మొదటి పీరియడే పదో తరగతి, అది దాటిపోతే ఇవాళ మళ్ళీ ఆ తరగతి తనకి లేదు, మధ్యాహ్నానికి బడి మూసేస్తారు, రేపటి నుంచి దసరా సెలవులు. సెలవులన్ని రోజులూ ఆ సగం పాఠం ఊరికే కూర్చుంటుందా, కూర్చోదు, చెప్పులు లేకుండా వీధిలోకి వెళుతుంది, కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడుతుంది, మంగలి షాపు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కబుర్లు చెబుతుంది, సెలవులయ్యేసరికి బలిసి దున్నపోతై తిరిగొస్తుంది. ఇప్పటికే ఒక రాత్రి గడిచింది. ఆ రాత్రంతా సుధారాణి పక్క మీద ఇటు దొర్లి అటు దొర్లి, మొగుడు "ఏటైనాది, సీమలు కుడతన్నాయా" అని అడిగితే, ఏం లేదు, సగం చెప్పాను, అంది. అతనికేం అర్థమైందో మరి, మిగతా సగం పొద్దున్న చెప్దువులే పడుకో, అన్నాడు. సరిగ్గా అదే మాట. మిగతాది రేపు.

నిన్న ఆఖరి పీరియడు. ఎంత బాగా మొదలుపెట్టింది! కిటికీలు తీసి ఉంచింది, తలుపు తీసి ఉంచింది, గొంతు తగ్గించలేదు, రక్షణ లేని లైంగిక సంబంధం అనే మాటని కిరణజన్య సంయోగక్రియ అన్నంత తేలిగ్గా అంది, వెనక బెంచీలో ఒకడు పెన్ను కింద పడేసుకుని దాన్ని వెతికే మిషతో బల్ల కింద నవ్వుకుంటుంటే దొరికిందా నాయనా అని అడిగి వాడు బయటికొచ్చేదాకా ఆగింది, అందరూ నవ్వారు, నవ్వాక విన్నారు. బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసింది. ఎందుకు గీసింది? చెయ్యి గీసింది, తను గీయలేదు. ఎడమవైపు వస్తుంది అని, కుడివైపు రాదు అని రాసింది. ఎడమవైపు నింపింది. సంబంధం, పరీక్షించని రక్తం, ఒకరికి వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు. సుద్ద ఇంకా చేతిలో ఉండగానే హెడ్మాస్టరు దేవీప్రసాద్ గారు గుమ్మంలోకొచ్చి, సైకిళ్ళు కొత్తగా సున్నం వేసిన గోడకి ఆనించినవాళ్ళెవరని మొదలుపెట్టారు. గోడ గురించీ, సున్నం గురించీ, ఆయన చిన్నతనంలో సైకిలు లేకపోవడం గురించీ చెప్పి వెళ్ళేసరికి గంట కొట్టారు. పిల్లలు సంచులు సర్దుకోవడం మొదలుపెట్టారు. మిగతాది రేపు, అంది తను. అని, ఆ గొంతు తనది కాదని గుర్తుపట్టి, అక్కడే నిలబడిపోయింది.

అది తన చిన్నప్పుడు బళ్ళో జీవశాస్త్రం చెప్పిన వరహాలు మాస్టారి గొంతు. పాపం, ఎంత మంచాయన. కప్ప గుండె గురించి చెప్పాల్సొస్తే పంచె ఎగ్గట్టి కప్పలా బెంచీల మధ్య గెంతేవాడు, జీర్ణవ్యవస్థ చెప్తే వంకాయ కూర నోట్లో పెట్టిన దగ్గర్నుంచి దాని యాత్రంతా స్టేషన్లు పిలిచినట్టు పిలిచేవాడు, ఆయన క్లాసు అయ్యాక నవ్వీ నవ్వీ డొక్కలు నొప్పి పుట్టేవి. అలాంటి మనిషి ఆ శుక్రవారం గదిలోకి వచ్చి ముందు కిటికీ రెక్కలు మూశాడు. తర్వాత తలుపు మూశాడు. ట్రైనింగులో ఇచ్చిన చార్టు చంకలోనే ఉంచుకుని, విప్పకుండా, బోర్డు మధ్యలో గీత గీసి, వస్తుంది, రాదు, అని రాసి, ట్యూబులైటు మీది బల్లికి చెప్తున్నట్టు తల పైకెత్తి ఎడమవైపంతా గొణిగాడు. ఒక్క నవ్వు లేదు. నవ్వించే మాస్టారు నవ్వలేదంటే అది ఎంత భయంకరమైనదై ఉండాలి! పిల్లలకి భయం పట్టించింది ఆ మాటలు కావు, మూసిన కిటికీలు. గంట కొట్టగానే ఆయన మొహంలోకి ఊపిరొచ్చింది. మిగతాది రేపు, అన్నాడు. కుడివైపు గడిలో రాదు అన్న మాట ఒక్కటే పైన, దాని కింద అంతా నలుపు.

రేపు రాలేదు. తుపాను హెచ్చరికని శనివారం సెలవిచ్చారు, ఆదివారం హుద్‌హుద్ వచ్చింది. సుధారాణి అప్పుడు పదో తరగతి. వాళ్ళది సముద్రం ఒడ్డున జాలరిపేట. నాన్న గుజరాత్ బోట్ల మీదికి పనికెళ్ళి, జ్వరంతో తిరిగొచ్చి, కన్నుమూశాడు. తర్వాత అమ్మ పోతమ్మకి పరీక్ష చేస్తే ఉందన్నారు, సుధారాణికి చేస్తే లేదన్నారు. అమ్మ ప్రతి నెలా పెద్దాసుపత్రికి వెళ్ళి మాత్రలు తెచ్చుకునేది, ఏ మాత్రలో పేటంతటికీ తెలుసు, తెలిసినా ఎవరికీ పట్టలేదు, పోతమ్మ చేతి చేపలపులుసు వాసన వస్తే గిన్నె పట్టుకుని వచ్చేసేవాళ్ళు. అదీ చిత్రం. పాఠం చెప్పకముందు లేని భయం పాఠం చెప్పాక వచ్చింది. తుపానుకి పేట జనాన్నంతా కల్యాణమండపంలోకి తరలించారు, బయట గాలి రేకుల్ని కాగితాల్లా చింపుతోంది, లోపల పులిహోర గుండిగ చుట్టూ అందరూ కూర్చున్నారు, పదో తరగతి పిల్లలు తల్లుల చెవుల్లో ఎడమవైపు గడి అప్పజెప్పారు. ఒకరి నుంచి ఒకరికి వస్తుందంట. ఎలా వస్తుందో సగమే విన్నారు, మిగతా సగం చిన్నప్పటి నుంచీ తెలిసిన దానితో పూడ్చుకున్నారు. ఒకరి నుంచి ఒకరికి పోయేది మన ఇళ్ళలో ఇంకేముంటుంది, ఎంగిలి. చూస్తూ ఉండగానే పోతమ్మ కంచం చుట్టూ నేల ఖాళీ అయింది. అమ్మ అటు చూసింది, ఇటు చూసింది, ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు అంది:

"సముద్రమొచ్చి మీద పడతంటే రాని బయం, నా గిన్ని సూత్తే వచ్చిందేటే మీకు?"

గాలే మాట్లాడింది.

కశింకోట దాటింది. పొలాల్లో చెరకు. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు, ఎవరి మోచెయ్యో తగిలింది, తగలనీ, తగిలితే రాదు, కలిసి తింటే రాదు, దోమ కుడితే రాదు, తను కుడివైపు గడిని వేళ్ళ మీద ఎన్నిసార్లు చదువుకుందో, దేవుడి నామాల్లా, ఆసుపత్రిలో కౌన్సిలరు మేడమ్ చెప్పినప్పటి నుంచీ. ఇది తనకి తెలుసు. అప్పుడు తెలిసినది తనొక్కతే. తెలిసినదాన్ని పట్టుకుని తరగతిలో ఒక్కతే కూర్చోవడం ఎంత బరువు. అనకాపల్లి దగ్గర పడుతోందని కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది, గాలిలోనే తీపి, వేడి బెల్లం తీపి, ఆ వాసన రాగానే రోజారమణి మనసులోకి వచ్చేస్తుంది. పక్క బెంచీ కాదు, అదే బెంచీ, అదే మూల, అయిదో తరగతి నుంచీ. బెల్లంముక్క తెచ్చినా, మామిడికాయ తెచ్చినా, జీడి తెచ్చినా, గౌను అంచు దాని మీద కప్పి పంటితో పుటుక్కున కొరికి చెరి సగం. కాకెంగిలి. మధ్యలో బట్ట ఉంటే అది ఎంగిలి కాదని పిల్లల శాస్త్రం, పెద్దలు కూడా కాదనలేదు. బడి మళ్ళీ తెరిచాక సుధారాణి బెల్లంముక్క తీసి, ఓణీ కొంగు కప్పి, కొరికి, సగం అందించింది. రోజారమణి చెయ్యి చాపలేదు. నాకు పన్నునొప్పే, అంది. ఆ పన్నునొప్పి పబ్లిక్ పరీక్షల దాకా తగ్గలేదు. బట్ట కూడా అడ్డం పడలేదు దానికి. ముక్క అలా అరచేతిలోనే ఉండిపోయింది, చెమటకి కరిగి, వేళ్ళ సందుల్లోంచి, మణికట్టు దాకా.

సార్, మిగతాది? అని లేచి అడిగింది ఒక రోజు. అడగడానికి ఎన్ని రోజులు మనసులో రిహార్సలు చేసుకుందో. వరహాలు మాస్టారు సుద్దముక్కని రెండు చేసి, ఆ రెండిట్నీ చూసి, పుస్తకంలో ఉందమ్మా, చదువుకోండి, సిలబస్ వెనకబడిపోయాం, అన్నాడు. కోపం రాలేదు అప్పుడూ, ఇప్పుడూ రావడం లేదు. ఆయనకి ఎవరూ కిటికీ తీసి చెప్పి ఉండరు. పుస్తకంలో ఉంది, నిజమే. పుస్తకంలో ఉన్నదాన్ని మాస్టారు నోటితో అంటేనే అది జరిగినట్టు, లేకపోతే అచ్చయినట్టు, అంతే.

ఫోను మోగింది. అమ్మ. పూర్ణా మార్కెట్లో ఎండుచేపల బుట్ట ముందు కూర్చుని, ఫోను చెవికి దూరంగా పట్టుకుని అరుస్తుంది, సముద్రం అవతలున్నవాడితో మాట్లాడుతున్నట్టు.

"ఏటే, బండెక్కీసినావా?"

"ఎక్కానమ్మా. అనకాపల్లిలో ఆగింది. లేటయ్యేలా ఉంది."

"ఆగితే ఆగనీ. దిగి తోత్తావేటి?"

ఎదురు సీట్లో తోటకూర కట్టలు ఒళ్ళో పెట్టుకున్న సూర్యకాంతమ్మ, రోజూ ఇదే పెట్టె, చెవి ఇటు పారేసి, "మీ యమ్మా? ఈవిడికి ఫోనెందుకమ్మా, కిటికీ తీత్తే సాలు," అంది. పెట్టెలో సగం మంది నవ్వారు. సుధారాణి మొహం కిటికీ వైపు తిప్పుకుని గొంతు తగ్గించింది. తగ్గించాక తనకే సిగ్గేసింది, వరహాలు మాస్టారిలాగే.

"అమ్మా. ఇవాళ బళ్ళో ఆ పాఠం. నీ మాట చెప్పాలేమో."

అవతల బజారు చప్పుడు. ఎవరో ధర అడిగారు.

"నా మాటంటే? మాత్రల మాటా?"

"ఊఁ."

"సెప్పు. దొంగసొమ్మేటి దాసుకోడానికి? కానీ అయ్యో పాపం అనీటట్టు సెప్పినావంటే మాత్రం బడికొచ్చి తంతాను. రెక్కలాడతన్నాయి, బేరమాడతన్నాను, నానెవులికీ తగ్గనేదని సెప్పు... ఏటమ్మా, అలా పిండేత్తన్నావు, అది సేపా, తడి బట్టా? ఫోనెట్టీ, మల్లీ సేత్తాను."

పెట్టేసింది. చెప్పమంది. అమ్మకేం, చెప్పేస్తుంది. పేటలో అందరినీ తిట్టి, అందరితో నవ్వి, మళ్ళీ అందరి చేతా పులుసు గిన్నెలు పట్టించింది, దానికి ఎన్నేళ్ళు పట్టిందో లెక్క కూడా పెట్టుకోలేదు. కానీ స్టాఫ్ రూములో సుధారాణి టీ గ్లాసుకి గుర్తు లేదు, ఎవరి గ్లాసు ఎవరైనా తీసుకుంటారు, లెక్కల దొరబాబు మాస్టారు ఆమె క్యారేజీలోంచి అడగకుండానే గోంగూర పచ్చడి వేసుకుంటాడు, ఆ అడగకపోవడం ఎంత హాయిగా ఉంటుందో ఆయనకి తెలీదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఎవరికీ చెప్పలేదు. చెప్తే రేపటి నుంచి ఆయనకీ పన్నునొప్పి వస్తుందేమో. ఆ పాఠానికి వీడియో వేసేయండి మేడమ్, మీకెందుకు ఇబ్బంది, అన్నారు దేవీప్రసాద్ గారు. వేస్తే సరిపోయేది. వీడియోకి అమ్మ ఉండదు, వీడియోకి గ్లాసు ఉండదు. కానీ రాధ ఉందే.

రాధ. నిన్న మూడో బెంచీలో చివర. వాళ్ళ నాన్న పోర్టు లారీల మీద డ్రైవరు. పోయిన నెల తను అమ్మని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు మాత్రల వరసలో నాన్న పక్కన నిలబడి ఉంది ఆ పిల్ల, టీచర్ని చూసింది, టీచరు ఆ పిల్లని చూసింది, ఇద్దరూ గోడ మీది నోటీసులు చదవడం మొదలుపెట్టారు, ఒక్కొక్క అక్షరం. మర్నాడు బళ్ళో గుడ్ మార్నింగ్ మేడమ్ అంది, అంతే, ఆ గుడ్ మార్నింగులో ఒప్పందమంతా ఉంది. రాధ వాళ్ళ కాలనీలో కూడా అందరికీ తెలిసే ఉంటుంది, తెలిసి పట్టనట్టు ఉండి ఉంటారు, పాఠం చెప్పేదాకా. నిన్న గంట కొట్టాక గుమ్మంలోంచి వెనక్కి చూస్తే రాధ పక్కన కూర్చునే గౌరీశ్వరి తన పుస్తకాల సంచిని తీసి ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టింది. ఎందుకు పెట్టింది? కింద చోటు లేకేమో. జిప్పు పట్టిందేమో. రోజూ అక్కడే పెడుతుందేమో, తను ఎన్నడూ చూడలేదేమో. రాధ సంచిని చూడలేదు, బోర్డు చూస్తోంది. బోర్డు కుడివైపు.

తాడి దగ్గర సిగ్నలు లేక బండి మళ్ళీ నిలిచిపోయింది. ఆగింది కాబట్టి నేనూ ఒక మాట చెప్పేస్తాను. మొదట్లో ఈ రైలు గురించి కోతలు కోశాను. నేనీ రైలెక్కింది ఒకేసారి, అదీ తుని వెళ్ళవలసినవాణ్ణి ఎదుటి ప్లాట్‌ఫారం బండెక్కి దువ్వాడలో తేలాను. ఇక ఎదుటివాళ్ళ కడుపులో ఏముందో చెప్పడమంటారా, మా ఇంటావిడ అలిగిన సంగతి నాకు ఎప్పుడూ పక్కింటివాళ్ళు చెబితేనే తెలుస్తుంది. అయినా సుధారాణి సంగతి మాత్రం ఇలాగే జరిగింది. ఎలా తెలుసని అడగకండి, బండి కదులుతోంది.

కదిలింది, స్టీలు ప్లాంటు పొగగొట్టాలు దూరంగా కనిపించాయి, కనిపించాయంటే ఇంకెంతో లేదు, అయినా మొదటి పీరియడు అయిపోయే ఉంటుంది, దిగింది, మెట్లు, ఆటో, ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుంది, గాలికి కొంగు, ఏం చెప్పాలి ముందు, ఎక్కణ్ణుంచి, వెనక నుంచి, మిగతాదాని నుంచి, ఎడమవైపు జోలికే పోకుండా. గేటు. గంట కొట్టనే కొట్టారు, రెండో పీరియడుది. దొరబాబు మాస్టారు చేతిలో పెద్ద చెక్క సెట్‌స్క్వేరుతో పదో తరగతి గుమ్మంలో ఉన్నాడు.

"మాస్టారూ, మీ పీరియడ్లో కాస్త చోటిస్తారా? నిన్నటిది సగంలో ఉండిపోయింది."

"కాస్తేటి మేడమ్, మొత్తం తీసీసుకోండి. త్రికోణమితి పోతే పిల్లలు కొబ్బరికాయ కొడతారు," అని, పోకుండా, గుమ్మం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చోకపోతే బాగుండును అనుకుంది. కూర్చున్నాడు.

బోర్డు ఎవరూ తుడవలేదు. పైన ఫ్యాను చల్లగా, గిరగిరా తిరుగుతోంది. సుద్ద తీసి కుడివైపుకి వెళ్ళింది. ఇటు ఏముంటుందో మీరే అడగండి, వస్తుందా రాదా నేను చెప్తాను, అంది. దోమ కుడితే? రాదు. ఒకే సబ్బు రుద్దుకుంటే? రాదు. కబడ్డీలో పట్టుకుంటే? రాదు, అవుటవుతావు. ఒకే బాత్రూము? రాదు, కానీ నీళ్ళు పొయ్యండి. నవ్వులు. కుడివైపు నిండుతోంది. మూడో బెంచీలోంచి గౌరీశ్వరి, లేవకుండా, సంచి మీద చెయ్యి పెట్టుకుని: "ఎంగిలి తింటేనో మేడమ్?"

సుద్ద ఆగింది. దొరబాబు మాస్టారి కుర్చీ కిర్రుమంది.

"రాదు," అంది సుధారాణి. తిరిగి పిల్లల వైపు నిలబడింది. "మా అమ్మకి ఉంది. నేను మీ క్లాసులో ఉన్నప్పటి నుంచీ మాత్రలు వేసుకుంటోంది, ఇప్పటికీ పూర్ణా మార్కెట్లో బేరం చేస్తుంది, దమ్ముంటే వెళ్ళి ఆవిడ దగ్గర పది రూపాయలు తగ్గించి చూడండి. మొన్న ఆదివారం ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం. నేను ఇదిగో." తన సీసా మూత తీసి, ఎత్తి పోసుకోకుండా, మూతి ఆనించి తాగింది, టీచర్లు పిల్లల ముందు ఎన్నడూ తాగని విధంగా. సీసా బల్ల మీద పెట్టింది. పెట్టి, ఎంగిలి, రాదు, అని కుడివైపు రాసింది. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలక ఆ రెండు మాటల్నీ మరోసారి దిద్దింది.

బెంచీ చప్పుడైంది. అడుగులు. "మేడమ్, దాహమేత్తంది, నా బాటిల్లో అయిపోనాయి," అంటోంది గౌరీశ్వరి, సీసా అప్పటికే ఆ పిల్ల చేతిలో ఉంది. అలవాటుగా పైకెత్తింది. ఎత్తిన చెయ్యి ఆగింది. దించి, మూతి ఆనించి, గటగటా తాగి, చేత్తో మూతి తుడుచుకుని, బెంచీ దగ్గరికి వెళ్ళి, సంచి కింద పడేసి, "ఇదిగో, సల్లగున్నాయి, తాగుతావేటే?" అని రాధకి ఇచ్చింది. రాధ తాగింది. తాగుతూ సీసా మీదుగా టీచర్ని చూసింది. "ఒరే, నాకూ కొంచెం మిగల్చండర్రా," అన్నాడు దొరబాబు మాస్టారు.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. సీసా సంగతే అయి ఉంటుందని మీరనుకుంటున్నారు, నాకు తెలుసు, ముసలాడు కథ కంచికి చేర్చడానికి అతికించాడని. అది కాదు. నేను కల్పించింది ఫ్యాను. ఆ గదిలో ఫ్యాను ఉంది గానీ తిరగదు, కరెంటున్నా తిరగదు. పిల్లలంతా చెమటలు కక్కుతూ కూర్చున్నారు. గౌరీశ్వరికి నిజంగానే దాహమేసింది.